బాల్కనీ మీద ఒక్కడు... కింద దేశమంతా!

1902 జులై నెల. స్విట్జర్లాండ్‌లో లాసాన్ అనే ఊరు. అక్కడి పెద్ద వంతెన కింద రాత్రి తలదాచుకున్న ఓ ఇటలీ కుర్రాడిని పోలీసులు పట్టుకున్నారు. కేసు పెద్దదేం కాదు. పని లేదు, ఉండటానికి చోటు లేదు, దేశదిమ్మరి అని రాసుకున్నారు. వాడికి ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండలేదు. టీచరు ట్రైనింగు పాసయ్యాడు కానీ పరాయి దేశంలో ఆ సర్టిఫికెట్టు ఎవడడుగుతాడు? అంతకు ముందు కొన్నాళ్ళు ఓర్బ్ అనే చోట బిల్డింగు పనిలో హెల్పర్‌గా చేశాడు. రోజుకి పదకొండు గంటల పని. గంటకి 32 సెంటీమ్‌ల కూలి. రాళ్ళు నింపిన మోత పట్టుకుని ఒక్కరోజులో 121 సార్లు రెండో అంతస్తుకి ఎక్కానని స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు. 121 అని లెక్కపెట్టి మరీ రాశాడంటే తన గురించి కాస్త పెంచి చెప్పుకోవడం అప్పుడే మొదలైందేమో! అయినా సరే, ఎండలో సైటు మీద నిలబడి పని చేసినవాళ్ళకి ఆ ముక్క చదివితే భుజాలు సలుపుతాయి.

ఆ కుర్రాడి పేరు బెనిటో ముస్సోలిని. సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 1922లో, ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. మరో పద్నాలుగేళ్ళకి రోమ్ నగరంలో ఒక బాల్కనీ మీద నిలబడి ఇటలీ మళ్ళీ సామ్రాజ్యం అయ్యిందని ప్రకటించాడు. కింద జనం సముద్రంలా ఉన్నారు. ఇంకో తొమ్మిదేళ్ళకి అదే దేశంలో, మిలాన్ నగరంలో, ఒక పెట్రోలు బంకు దగ్గర తలకిందులుగా వేలాడాడు. అప్పుడూ కింద జనం సముద్రంలానే ఉన్నారు.

తనని చూసుకుని తనే మురిసిపోయే గుణాన్ని ఇంగ్లీషువాళ్ళు నార్సిసిజం అంటారు. పాత గ్రీకు కథలో నార్సిసస్ అనే అందగాడు చెరువు నీళ్ళల్లో తన నీడ చూసి, అక్కణ్ణించి కదల్లేక అక్కడే ప్రాణం విడిచాడట. మన పుస్తకాల భాషలో ఆత్మరతి. డాక్టర్లు దీన్ని ఒక మనిషికి పట్టే జబ్బుగా లెక్కేస్తారు. సరే. కానీ ఆ కథలో చెరువు లేకపోతే నార్సిసస్ ఏం చేసేవాడు? ముస్సోలినికి మాత్రం నాలుగు కోట్ల మంది చెరువులా దొరికారు. వాళ్ళు అతన్ని చూశారు, అతనిలో తమని చూసుకున్నారు. అందుకే ఈయన జీవితం ఒక్క మనిషి కథలా చెబితే సగమే చెప్పినట్టు.

కమ్మరి కొడుకు

1883 జులై 29న ఇటలీలో రోమాన్యా ప్రాంతంలోని ప్రెదాప్పియో దగ్గర పుట్టాడు. తండ్రి అలెస్సాండ్రో కమ్మరి, సోషలిస్టు. తల్లి రోజా బడిపంతులమ్మ, దైవభక్తి గల మనిషి. మెక్సికో విప్లవకారుడు బెనిటో హువారెజ్ పేరు కొడుక్కి పెట్టుకున్నాడు తండ్రి. చిన్నప్పుడే దుడుకు. ఫాదర్లు నడిపే హాస్టల్లో వేస్తే, తోటి పిల్లాడిని చాకుతో పొడిచాడు. ఆ హాస్టల్లో డబ్బున్న పిల్లలకొక బల్ల, పేదపిల్లలకొక బల్ల వేసి అన్నం పెట్టేవాళ్ళు. కమ్మరి కొడుకు చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈ సంగతి అతను జీవితాంతం మర్చిపోలేదు.

స్విట్జర్లాండ్ నుంచి తిరిగొచ్చి, మిలిటరీ సర్వీసు చేసి, కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, చివరికి పత్రికల్లో తేలాడు. రాయడం బాగా తెలుసు. మాట్లాడటం అంతకంటే బాగా తెలుసు. 1911లో ఇటలీ లిబియా మీద యుద్ధానికి వెళ్తే, వద్దని ఆందోళన చేసి జైలుకెళ్ళాడు. అవును, ఆ ముస్సోలినినే! 1912 చివర్లో సోషలిస్టు పార్టీ పత్రిక అవంతికి ఎడిటర్ అయ్యాడు. పత్రిక అమ్మకాలు బాగా పెరిగాయి. రెండేళ్ళు తిరక్కుండా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. నిన్నటిదాకా యుద్ధం వద్దన్నవాడు యుద్ధం కావాలన్నాడు. పార్టీ బయటికి నెట్టింది. సొంత పత్రిక పెట్టుకున్నాడు. సైన్యంలో చేరాడు. 1917లో శిక్షణలో మోర్టారు పేలి గాయాలపాలయ్యాడు. మాటలు మార్చడం అతనికి కష్టంగా ఉండేది కాదు. ఎందుకంటే అతనికి ఏ మాట మీదా ప్రేమ లేదు, ఆ మాటకి వచ్చే చప్పట్ల మీదే ప్రేమ.

అవమానం ఎవరిది?

ఇప్పుడు అతన్ని కాసేపు పక్కన పెట్టి దేశం సంగతి చూద్దాం. 1876 నుంచి 1915 వరకు నలభై ఏళ్ళలో ఇటలీ వదిలి పనికోసం బయటికెళ్ళినవాళ్ళు దాదాపు కోటీ నలభై లక్షలు. 1913లో ఒక్క ఏడాదిలోనే ఎనిమిది లక్షలు దాటారు. గనుల్లో, రైలు కట్టల మీద, సొరంగాల్లో, కాఫీ తోటల్లో వాళ్ళే. వాళ్ళకి దొరికిన మర్యాద ఏమిటో వినండి. 1891లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పదకొండుమంది ఇటాలియన్లని గుంపు జైల్లోకి చొరబడి చంపేసింది. 1893లో ఫ్రాన్స్‌లోని ఎగ్-మోర్త్ ఉప్పు మడుల్లో, తమ పని లాక్కుంటున్నారని స్థానికులు ఇటలీ కూలీలని వెంటాడి కొట్టి చంపారు. నిందితులందరినీ కోర్టు వదిలేసింది. 1896లో ఇథియోపియాని పట్టుకుందామని వెళ్ళిన ఇటలీ సైన్యం అడువా దగ్గర చిత్తుగా ఓడింది. యూరప్ అంతా నవ్వింది.

మొదటి యుద్ధంలో గెలిచిన పక్షంలో ఉండి కూడా ఆరు లక్షలమంది సైనికుల్ని పోగొట్టుకుని, చివరికి అనుకున్నంత భూమి దక్కలేదని ఇటలీ కుమిలిపోయింది. ఇంటికొచ్చిన సైనికుడికి పని లేదు. ధరలు మండిపోతున్నాయి. ఇలా దెబ్బతిన్న దేశానికి, నువ్వు సామాన్యుడివి కావు, నువ్వు రోమన్ చక్రవర్తుల వారసుడివి అని చెప్పేవాడు కావాలి. బాధకి మందు కావాలని అడిగేవాళ్ళ కంటే, అద్దం కావాలని అడిగేవాళ్ళే ఎక్కువైపోయారు. వాళ్ళని తప్పుపట్టడం సులువు. పరాయి దేశంలో పేరుకి బదులు తిట్టుతో పిలిపించుకున్నవాడికి ఆ అద్దం విలువేంటో తెలుస్తుంది.

1919 మార్చి 23న మిలాన్‌లో కొద్దిమందితో ముస్సోలిని ఫాసిస్టు సంఘం పెట్టాడు. ఆ ఏడాది ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. తర్వాత నల్లచొక్కా ముఠాలు పల్లెల్లో రైతుకూలీ సంఘాల మీద పడ్డాయి. భూస్వాములు డబ్బులిచ్చారు, పోలీసులు చూడనట్టు ఊరుకున్నారు. 1922 అక్టోబరు 28న రోమ్ మీదికి దండయాత్ర అన్నారు. నిజానికి జనం వానలో తడుస్తూ నగరం బయట నిలబడ్డారు. రాజుగారు తలుచుకుంటే సైన్యం వాళ్ళని చెదరగొట్టేది. మూడో విక్టర్ ఇమాన్యుయేల్ రాజు తలుచుకోలేదు. కబురు పంపితే ముస్సోలిని మిలాన్ నుంచి రాత్రి రైల్లో, పడక బెర్తు మీద పడుకుని రోమ్ వచ్చాడు. తర్వాత అదే ఒక మహా వీరగాథగా బడిపుస్తకాల్లో చేరింది. అప్పుడు పార్లమెంటులో ఫాసిస్టులు ముప్పై చిల్లర మంది. విశ్వాస ఓటులో మాత్రం 306 మంది చేతులెత్తారు. మిగతా వాళ్ళంతా ఎవరు? పెద్దమనుషులు! కొన్నాళ్ళు వాడుకుని వదిలేద్దాంలే అనుకున్న పెద్దమనుషులు.

అడ్డం చెప్పినవాడు లేకపోలేదు. జాకొమో మత్తెయొత్తి అనే సోషలిస్టు ఎంపీ 1924 మే 30న పార్లమెంటులో లేచి, ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలన్నీ ఒక్కొక్కటిగా చదివాడు. కేకలు వేసినా ఆపలేదు. జూన్ 10న పట్టపగలు కారులో ఎత్తుకెళ్ళారు. ఆగస్టులో శవం దొరికింది. దేశం ఒక్కసారి ఉలిక్కిపడింది. ముస్సోలిని కుర్చీ ఊగింది. రాజుగారు మళ్ళీ మౌనం. 1925 జనవరి 3న ముస్సోలిని సభలో నిలబడి, జరిగినదానికంతా బాధ్యత నాదే, ఏం చేస్తారో చెయ్యండి అన్నట్టు సవాలు విసిరాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. నా మటుకు నాకు, ఇటలీ నియంతృత్వం మొదలైంది ఆ రోజే అనిపిస్తుంది.

అద్దం తయారీ

తర్వాత జరిగింది ఒక పెద్ద ఫ్యాక్టరీ పని లాంటిది. పత్రికలకి పైనుంచి చీటీలొచ్చేవి. ఏ వార్త ఎక్కడ వెయ్యాలి, ఏ ఫోటో వాడాలి అన్నీ అందులో ఉండేవి. ఆయనకి జబ్బు చేసిందని రాయకూడదు. వయసు గుర్తు చెయ్యకూడదు. తాతయ్యాడని రాయకూడదు. నాయకుడు అనే అర్థం వచ్చే దూచే అన్న మాటని పెద్దక్షరాల్లో వెయ్యాలి. 1926 నుంచి ప్రతి సినిమా హాల్లో ముందు ప్రభుత్వం తీసిన వార్తా చిత్రం వెయ్యడం తప్పనిసరి చేశారు. అందులో ఆయన గుర్రం ఎక్కుతాడు, ఈత కొడతాడు, విమానం నడుపుతాడు, చొక్కా విప్పి గోధుమ నూర్పిళ్ళలో చెమటోడుస్తాడు. ఫోటోలు కింద నుంచి పైకి తీసేవారు, ఎత్తుగా కనబడాలని. అసలు ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలే. (పక్కన నిలబడే రాజుగారు ఇంకా పొట్టి, కాబట్టి ఆ బాధ తప్పింది.)

రోమ్‌లో వెనీజియా భవనంలో ఆయన ఆఫీసు గది చిన్న ఫంక్షన్ హాలంత ఉంటుంది. బల్ల ఒక్కటే, అదీ అటు చివర. వచ్చినవాడు అంత దూరం బూట్ల చప్పుడు తనే వింటూ నడిచి వెళ్ళాలి. రాత్రి ఆయన నిద్రపోయినా ఆ గదిలో దీపం ఆర్పేవారు కాదు. కింద పోయేవాళ్ళు, పాపం మనకోసం ఇంకా పని చేస్తున్నాడు అనుకోవాలి. అనుకున్నారు కూడా! గోడల మీద, ముస్సోలిని ఎప్పుడూ తప్పు చెప్పడని రంగులతో రాశారు.

ఇదంతా బలవంతమే అనుకుంటే పొరపాటు. జైళ్ళున్నాయి, రహస్య పోలీసులున్నారు, నిజమే. కానీ రోజూ వందల ఉత్తరాలు ఆయనకొచ్చేవి. ఉద్యోగం ఇప్పించమని, బిడ్డకి జబ్బు నయం చెయ్యమని, ఫోటో మీద సంతకం పెట్టి పంపమని. దేవుడి పటం పక్కన ఆయన పటం పెట్టుకున్న ఇళ్ళున్నాయి. తమ జీతం పెంచని సూపర్‌వైజరుని తిట్టుకునేవాళ్ళు, ఊళ్ళో లంచగొండి ఫాసిస్టు నాయకుడిని తిట్టుకునేవాళ్ళు, ఈ సంగతి పైనున్న ఆయనకి తెలిస్తే ఊరుకోడు అనుకునేవాళ్ళు. తప్పులన్నీ కిందివాళ్ళవి, గొప్పంతా పైవాడిది. ఈ లెక్క ఇటలీలో ఇరవై ఏళ్ళు నడిచింది.

చదువుకున్నవాళ్ళైనా ఆగారా అంటే, 1931లో యూనివర్సిటీ ప్రొఫెసర్లంతా ఫాసిజానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యాలన్నారు. దేశంలో సుమారు 1,200 మంది ప్రొఫెసర్లు. చెయ్యనన్నవాళ్ళు డజను మంది. అంతే! పెళ్ళాం బిడ్డలున్నారు, ఉద్యోగం పోతుంది, ఒక్క సంతకమేగా అనుకున్నారు మిగతావాళ్ళు. ఇలాంటిచోట సంగీత దర్శకుడు ఆర్తురో తొస్కానిని సంగతి చెప్పుకోవాలి. 1919లో ముస్సోలిని జాబితాలోనే ఎన్నికల్లో నిలబడ్డవాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. 1931లో బొలొన్యాలో కచేరీ ముందు ఫాసిస్టు గీతం వాయించనన్నాడు. థియేటరు గుమ్మంలో ముఖం మీద కొట్టారు. దెబ్బ తిన్నాడు కానీ వాయించలేదు. యుద్ధం అయ్యేదాకా సొంత దేశంలో మళ్ళీ కచేరీ చెయ్యలేదు.

బయటివాళ్ళు కూడా మోజుపడ్డారు. 1927లో రోమ్ వెళ్ళిన చర్చిల్ పొగిడి వచ్చాడు. మన రవీంద్రనాథ్ టాగోర్ 1926లో ఆయన ప్రభుత్వ అతిథిగా వెళ్ళి, ఆ మర్యాదలకి కాస్త కరిగాడు. ఆయన మాటల్ని ఇటలీ పత్రికలు తమకి కావలసినట్టు వాడుకున్నాయి. స్విట్జర్లాండ్‌లో రొమే రోలా, ఇటలీ నుంచి పారిపోయొచ్చినవాళ్ళు అసలు విషయం చెప్పాక, తప్పు తెలుసుకుని ఇంగ్లండు పత్రికలో ఫాసిజాన్ని ఖండిస్తూ ఉత్తరం వేయించాడు. తప్పుని బహిరంగంగా ఒప్పుకున్న పెద్దవాళ్ళు తక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. గాంధీగారు కూడా 1931 డిసెంబరులో రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ రోమ్‌లో ఆయన్ని కొద్దిసేపు కలిశారు.

ఆయన జీవితచరిత్ర రాసి ప్రపంచమంతా పేరు తెచ్చిపెట్టింది మార్గెరీటా సార్ఫత్తి. ప్రియురాలు కూడా. పుస్తకం 1925లో ముందు ఇంగ్లీషులో, తర్వాతి ఏడు ఇటాలియన్‌లో వచ్చి చాలా భాషల్లోకి వెళ్ళింది. ఆమె యూదు స్త్రీ. 1938లో ముస్సోలిని యూదులకి వ్యతిరేకంగా చట్టాలు చేస్తే ఆమె దేశం వదిలి పోవాల్సొచ్చింది. అద్దానికి మొదట మెరుగుపెట్టిన చేతినే అద్దం కోసేసింది.

ఇనప ఉంగరాలు

1935 అక్టోబరులో ఇటలీ ఇథియోపియా మీద పడింది. అడువా పగ తీర్చుకోవాలిగా! విమానాల్లోంచి విషవాయువు చల్లారు. నాటుదిక్కు పల్లెలు, పశువులు, మనుషులు మాడిపోయారు. నానాజాతి సమితి ఆంక్షలు పెడితే, ఖజానా కోసం బంగారం ఇవ్వమని ముస్సోలిని పిలుపునిచ్చాడు. 1935 డిసెంబరు 18న రోమ్‌లో రాణి ఎలెనా తన పెళ్ళి ఉంగరం ఇచ్చింది. వెనకాల లక్షలమంది ఆడవాళ్ళు వరస కట్టారు. ఒక్క రోమ్‌లోనే రెండున్నర లక్షల ఉంగరాలు వచ్చాయంటారు. బదులుగా ఒక్కొక్కరికి ఇనప ఉంగరం ఇచ్చారు. పెళ్ళి ఉంగరమంటే వాళ్ళకి మన మంగళసూత్రం లాంటిది. అది తీసి ఇచ్చేటప్పుడు ఏడ్చినవాళ్ళున్నారు, గర్వంతో పొంగిపోయినవాళ్ళు అంతకంటే ఎక్కువున్నారు.

అసలు ఆశ్చర్యం బయట దేశాల్లో ఉన్న ఇటాలియన్లది. అమెరికాలో రోడ్లు తవ్వేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, ఉతికేవాళ్ళు కూడా ఉంగరాలు పంపారు. న్యూయార్కు, ఫిలడెల్ఫియాల్లో సభలు పెట్టి ఇచ్చారు. ఇటలీలో పాలన ఎలా ఉందో వాళ్ళు అనుభవించలేదు, వాళ్ళ సంఘాన్ని ఎవడూ తగలబెట్టలేదు. వాళ్ళకి తెలిసింది ఒక్కటే. నిన్నటిదాకా తిట్టుపేరుతో పిలిచిన ఫోర్‌మన్ ఇప్పుడు కాస్త మర్యాదగా మాట్లాడుతున్నాడు, మీ ముస్సోలిని గట్టోడే అంటున్నాడు. ఆ ఒక్క మాటకి ఉంగరం తీసిచ్చేశారు. కూలీలందరూ అలా లేరు. న్యూయార్కులోనే కార్లో త్రెస్కా లాంటివాళ్ళు తమ పత్రికల్లో, వీధి సభల్లో ముస్సోలినిని దుమ్మెత్తిపోశారు. వాళ్ళని సొంత జనమే దేశద్రోహులన్నారు.

1936 మే 9 రాత్రి బాల్కనీ మీద నుంచి సామ్రాజ్యం ప్రకటన. జనం మళ్ళీ మళ్ళీ పిలిస్తే పది సార్లు బయటికొచ్చాడట. చరిత్రకారులు చాలామంది అక్కడే ఆయన పూర్తిగా దారి తప్పాడంటారు. తన కోసం తయారుచేయించిన బొమ్మని తనే నమ్మడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నిజం చెప్పడం ఎప్పుడో మానేశారు. చెప్పినవాడికి ఉద్యోగం ఉండదు కదా. సైన్యంలో డివిజన్ల సంఖ్య ఎక్కువ కనబడాలని, 1938లో డివిజనుకి మూడు రెజిమెంట్లు ఉండేవి రెండు చేశారు. కాగితం మీద లెక్క పెరిగింది. తుపాకీ మాత్రం ఒక్కటీ పెరగలేదు.

1940 జూన్ 10న అదే బాల్కనీ నుంచి యుద్ధం ప్రకటించాడు. అదే జనం, అవే చప్పట్లు, అయితే ఈసారి కాస్త సన్నగా. గ్రీసు మీదికి వెళ్ళి తన్నులు తిన్నారు. రష్యాకి రెండు లక్షలమందికి పైగా సైనికుల్ని పంపితే, మంచులో సరైన బూట్లు లేక వేలకి వేలు మళ్ళీ ఇల్లు చూడలేదు. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో ఇటలీ సైన్యాన్ని ఓడించిన బ్రిటిష్ బలగాల్లో నాలుగో, అయిదో ఇండియన్ డివిజన్లున్నాయి. తర్వాత ఇటలీ నేల మీదే కసినో కొండ దగ్గర మనవాళ్ళు పోరాడారు. ఆ దేశంలో ప్రాణాలు వదిలిన భారత సైనికులు ఐదువేలకు పైనే. మద్రాసు శాపర్లు కూడా ఆ యుద్ధంలో ఉన్నారు. బాల్కనీ మీద ఎవడో పెట్టిన కేకకి ఎక్కడి తల్లుల బిడ్డలో ఎక్కడికో పోయి మట్టిలో కలిసిపోయారు.

ఒక్క రాత్రిలో

1943 జులైలో మిత్రదేశాల సైన్యాలు సిసిలీలో దిగాయి, రోమ్ మీద బాంబులు పడ్డాయి. జులై 24 రాత్రి మొదలైన ఫాసిస్టు మహామండలి సమావేశంలో, తెల్లారేసరికి 19 మంది ఆయనకి వ్యతిరేకంగా ఓటేశారు. అందులో అల్లుడు చియానో ఒకడు. 25 సాయంత్రం రాజు పిలిచి పదవి పీకి, బయట నిలబెట్టిన అంబులెన్సులో ఎక్కించి పంపించేశాడు. రేడియోలో వార్త రాగానే జనం పైజామాలతోనే వీధుల్లోకి వచ్చి కౌగిలించుకున్నారు. విగ్రహాల తలలు పగలగొట్టారు. లక్షలాది కోట్లకి ఉన్న పార్టీ బిళ్ళలు ఆ రాత్రే మాయమయ్యాయి. ఆయన కోసం వీధిలోకి వచ్చినవాడు ఒక్కడు లేడు. మర్నాటి నుంచి ఇటలీలో ఎవరినడిగినా, నేనెప్పుడూ ఫాసిస్టుని కాదు అనేవాడే. మరి ఆ చౌకు ఇరవై ఏళ్ళు ఎవరితో నిండింది?

సెప్టెంబరులో జర్మన్లు ఆయన్ని కొండ మీది హోటల్లోంచి విడిపించి, ఉత్తర ఇటలీలో బొమ్మ ప్రభుత్వానికి అధిపతిని చేశారు. 1944 జనవరిలో సొంత అల్లుడిని కాల్చి చంపించారు, ఆయన ఆపలేదు. 1945 ఏప్రిల్ 27న జర్మన్ సైనికుడి కోటు తొడుక్కుని లారీలో దాక్కుని పారిపోతుంటే, కోమో సరస్సు దగ్గర ప్రతిఘటన దళాలు గుర్తుపట్టాయి. ప్రతి గోడ మీదా ఉన్న ముఖం కదా, గుర్తుపట్టక ఏం చేస్తారు! మర్నాడు ప్రియురాలు క్లారా పెటాచ్చితో సహా కాల్చేశారు. 29న మిలాన్‌లోని లొరెటో చౌకులో వేలాడదీశారు. అంతకు ముందు ఆగస్టులో పదిహేనుమంది ప్రతిఘటన యోధుల్ని చంపి ఫాసిస్టులు పడేసిన చోటే అది. శవాన్ని తన్నారు, ఉమ్మేశారు. అంతమందిలో ఉంగరం ఇచ్చినవాళ్ళెందరో, ఉత్తరం రాసినవాళ్ళెందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

సమాధి ప్రెదాప్పియోలోనే ఉంది. 1957లో శవాన్ని కుటుంబానికి అప్పగించారు. ఇప్పటికీ ఏటా నల్లచొక్కాలు వేసుకుని అక్కడికి వచ్చేవాళ్ళున్నారు.

రోమ్‌లో ఫుట్‌బాల్ స్టేడియం పక్కన, 1932లో ఆయన పేరు చెక్కి నిలబెట్టిన తెల్ల పాలరాతి స్తంభం కూడా అలాగే ఉంది. దాని కింద పునాదిలో ఒక పెట్టె పెట్టారు. అందులో కొన్ని బంగారు నాణేలు, ముస్సోలిని ఘనతని పొగుడుతూ లాటిన్ భాషలో తోలుపత్రం మీద రాసిన ఒక చరిత్ర ఉన్నాయి. స్తంభం కూలిన రోజున తవ్వి తీసేవాళ్ళు చదువుకోవాలని రాయించారట. అందులో ఏముందో ఆ రోజుల్లోనే అచ్చయిన పాత కాగితాల్లోంచి వెతికి ఇద్దరు పండితులు 2016లో పుస్తకం వేశారు. పెట్టె మాత్రం ఇంకా ఆ రాయి కిందే ఉంది.